ముందు ఇరుసుకు గడియ



ఛందస్సు, వ్యాకరణం, పాత పుస్తకాలు తప్ప మరొకటి కనిపించని ఈ పుటలో మోటారు బండి ఇరుసు గురించిన టపా చూసి, దారి తప్పి మరెక్కడికో వచ్చామేమోనని మీరు శంకించవచ్చు. దారి తప్పలేదు. ముప్పైయేళ్లకు పైగా పిల్లలకు సంధులు చెప్పిన నేను ఈ వయసులో పళ్లచక్రాల జోలికి పోవడానికి కారణం మా మేనల్లుడు.

వాడికి గురజాల దగ్గర పొలం ఉంది. మిరపా, పత్తీ వేస్తాడు. నాలుగు చక్రాలూ లాగే జీపు ఒకటి సెకండు హ్యాండులో కొన్నాడు. వానాకాలంలో పొలానికి పోవడానికని పైకి చెబుతాడు గాని, ఆదివారం వస్తే స్నేహితులతో కలిసి వాగుల్లోనూ గుట్టల మీదా దానిని ఎక్కించి దించడమే వాడికి ఇష్టం. ఆ జీపు వెనుక ఇరుసుకు తాళం కంపెనీ నుంచే ఉంది. మొన్నటి తొలకరికి వచ్చి, "మామయ్యా, ముందు యాక్సిల్‌కి కూడా లాకర్ పెట్టిస్తున్నా. ఇక నా బండికి అడ్డే ఉండదు" అన్నాడు. వద్దన్నాను. "మీరు తెలుగు మాష్టారు గదా, మీకెందుకీ గొడవ?" అని నవ్వాడు. వాడి నవ్వుకు సమాధానమే ఈ టపా.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. ముందు ఇరుసుకు తాళం పనికిమాలినదని నేననను. అది అన్నిటికన్నా చివర రావలసిన సాధనం. మన కుర్రవాళ్లు దానిని అన్నిటికన్నా ముందు కోరుకుంటున్నారు. నా తగవంతా అక్కడే.

అసలు తాళం వేసేది దేనికి? డిఫరెన్షియల్‌కి. అదేమిటో మోటారు శాస్త్రం చదవని వారికి కూడా మన కళ్లమే చెబుతుంది. నా చిన్నతనంలో జొన్న కంకులు తొక్కించడానికి కళ్లం నడుమ రాట పాతి, నాలుగైదు పశువులను వరుసగా కట్టి దాని చుట్టూ తిప్పేవారు. రాట పక్కన ముసలి ఎద్దును, బయటి అంచున దూకుడు గల కోడెను కట్టేవారు. రాట దగ్గరిది నాలుగడుగులు వేసేలోపల అంచునున్నది పాతికడుగులు వేయాలి గనుక. అరక తిప్పేటప్పుడూ అంతే. చాలు చివర దాపటి ఎద్దు కాళ్లు నిలదొక్కుకుంటే వలపటి ఎద్దు చుట్టి వస్తుంది. రెండూ ఒకే అడుగు వేస్తామని పట్టుబడితే అరక తిరగదు, కాడి విరుగుతుంది.

బండి చక్రాలకూ ఇదే న్యాయం. రెండు చక్రాల నడుమ ఎడం నాలుగున్నర అడుగులనుకోండి. బండి ఒక పూర్తి వలయం తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటె సుమారు 28 అడుగులు ఎక్కువ దొర్లాలి. వలయం చిన్నదా పెద్దదా అన్నదానితో పని లేదు, తేడా అంతే. నాలుగు వీధుల కూడలిలో ఒక మూల మలుపు తిరిగితే తేడా ఏడడుగులు. ఎద్దుబండికి ఇది ఒక సమస్యే కాదు. అక్కడ ఇరుసు తిరగదు, చక్రాలే దేని మట్టుకది తిరుగుతాయి. నడికుడి మీదుగా మాచర్ల పోయే రైలుకు చక్రాలు ఇరుసుతో కలిపి బిగించి ఉంటాయి. అయినా వాటి అంచును ఏటవాలుగా చెక్కడం వల్ల మలుపులో బయటి చక్రం తన పెద్ద చుట్టుకొలత మీద దొర్లి సర్దుకుంటుంది. అందుకే రైలు మలుపులు అంత నిదానంగా ఉంటాయి. చిక్కు వచ్చేది ఇంజను ఒక్కటే అయి, రెండు చక్రాలనూ తిప్పవలసి వచ్చి, మలుపు గట్టిదైనప్పుడు.

ఈ చిక్కును ఆవిరి బండి కోసం 1827లో విప్పినవాడు ఒనెసిఫోర్ పెక్కర్ అనే ఫ్రాన్సు దేశీయుడు. 1885లో కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల మోటారు బండిలోనూ ఈ ఏర్పాటు ఉంది. ఇంజను నుంచి వచ్చిన కడ్డీ చివర పినియను ఉంటుంది, అది క్రౌను అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. క్రౌనుకు బిగించిన పెట్టెలో చిన్న పళ్లచక్రాలు ఉంటాయి. బండి తిన్నగా పోతున్నంతసేపూ అవి పెట్టెతో పాటు ఊరికే తిరుగుతాయి. మలుపు రాగానే తమ చుట్టూ తాము దొర్లి, లోపలి చక్రానికి ఎంత వేగం తగ్గిందో అంత వేగాన్ని బయటి చక్రానికి కలుపుతాయి. ఎంత అందమైన ఏర్పాటు! ఒకరికి తగ్గింది మరొకరికి చేరుతుంది గాని మొత్తం మారదు.

ఇంత మంచిదానికీ ఒక దోషం ఉంది. డిఫరెన్షియల్ రెండు చక్రాల వేగాలను వేరు కానిస్తుంది గాని తిప్పుడు బలాన్ని మాత్రం సమానంగానే పంచుతుంది. ఒక చక్రం బురదలో పడి జారిపోతుంటే దానిని తిప్పడానికి బలమే అక్కరలేదు. అప్పుడు గట్టినేల మీద ఉన్న రెండో చక్రానికీ ఆ కాస్త బలమే దక్కుతుంది. ఫలితంగా గట్టినేల మీదిది కదలదు. బురదలోది క్రౌనుకు రెట్టింపు వేగంతో గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుంటుంది.

మా పల్నాటికి ఈ సంకటం నీటితో పాటు వచ్చింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. జవాహర్ కాలువ అని పిలిచే కుడి కాలువ కింద జొన్న చేలు వరి మళ్లయ్యాయి. వరి వచ్చింది గనుక దమ్ము వచ్చింది, దమ్ముతో ట్రాక్టరు వచ్చింది. నల్లరేగడి బురదలో దిగబడిన ట్రాక్టరును చూడకుండా మా ప్రాంతంలో ఎవరి బాల్యమూ గడవలేదు. అందుకే ట్రాక్టరు నడిపేవాని మడమకు అందేటట్టు ఒక చిన్న పెడలు ఉంటుంది. తొక్కితే డిఫరెన్షియల్ బిగుసుకొని వెనుక చక్రాలు రెండూ ఒక్కటిగా తిరుగుతాయి. కాలు తీసి, చక్రాల మీది ఒత్తిడి సడలితే పెడలు తనంతట తాను పైకి లేస్తుంది. ఆ 'లేవడం' అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

ఇక్కడ పండితుని చాపల్యం కొంచెం మన్నించాలి. దీనిని తెలుగులో ఏమనాలి? తాళం అంటే చెవి కావాలి. ఇందులో జరిగేది ఒక పళ్ల కమ్మీ పక్కకు జరిగి రెండో దానితో పెనవేసుకోవడం. తలుపుకు వేసే గడియ లాంటిది. కాబట్టి నేను గడియ అంటాను. ఘటికకు వికృతియైన గడియ 24 నిమిషాల కాలం కూడా కదా. గడియ వేయడం గడియసేపేనని ఆ మాటే హెచ్చరిస్తున్నది. వాడవలసిన కాలం నిజానికి అంతకన్నా చాలా తక్కువ. బురద దాటే ఆ పది గజాల దూరమే.

గడియలు ఎన్ని రకాలని మేనల్లుణ్ణి అడిగితే వాడు ఇంగ్లీషు పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. విన్న తరువాత నాకు అవి పాత పరిచయస్థుల్లాగే తోచాయి. చిన్నయసూరి గారి బాలవ్యాకరణం చదివినవారికి సంధి నిత్యం, వైకల్పికం, బహుళం అని తెలుసు. ఉత్తునకు సంధి నిత్యం. 'రాముడతడు' అనక తప్పదు. ఏమ్యాదుల ఇత్తునకు వైకల్పికం. 'ఏమంటివి' అనవచ్చు, 'ఏమియంటివి' అనవచ్చు. అత్తునకు బహుళం. 'మేనల్లుడు' అన్న మాట దానికే ఉదాహరణ.

డిఫరెన్షియల్‌ను వెల్డింగు పెట్టి శాశ్వతంగా బిగించేవారున్నారు. అది నిత్యం. మీట లాగో, గాలి ఒత్తిడితోనో, విద్యుత్తుతోనో నడిపేవాడు కోరినప్పుడు వేసి కోరినప్పుడు తీసేది వైకల్పికం. ఆస్ట్రేలియాలోని ఏ.ఆర్.బి. సంస్థ చేసే గాలి గడియలు ఈ జాతివి. 2021లో వచ్చిన ఫోర్స్ గూర్ఖాలో ముందు ఇరుసుకొకటి, వెనుక ఇరుసుకొకటి మీటతో వేసే గడియలు కంపెనీ నుంచే వచ్చాయి. 2024లో వచ్చిన థార్ రాక్స్‌లో నాలుగు చక్రాలూ లాగే రకాలకు వెనుక ఇరుసుకు విద్యుత్ గడియ ఇచ్చారు. ఇక 2020 థార్‌లో వెనుక ఇరుసుకు వచ్చినది బహుళం. రెండు చక్రాల వేగాలలో తేడా హద్దు మీరితే అది తనంతట తాను బిగుసుకుంటుంది. జారుతున్న చక్రాన్ని బ్రేకు పట్టి ఆపి, రెండోదానికి బలం మళ్లించే ఏర్పాటు కూడా ఆ బండిలో ఉంది. అదీ బహుళమే.

గమనించారా? మహీంద్రా వారు ఈ రెండు బండ్లలోనూ గడియను వెనుక ఇరుసుకే ఇచ్చి ముందు ఇరుసుకు ఇవ్వలేదు. డబ్బు ఆదా ఒక కారణం కావచ్చు. కాని ముందు ఇరుసు స్వభావమే వేరు. వెనుక చక్రాలకు తోయడం ఒక్కటే పని. ముందు చక్రాలకు లాగడమూ ఉంది, దిశ చూపడమూ ఉంది. మూల మలుపులో ఏడడుగుల తేడా కావాలన్నాను. గడియ పడితే ఆ ఏడడుగులూ ఎక్కడినుంచి వస్తాయి? బురదలో అయితే టైరు జారి సర్దుకుంటుంది. గట్టినేల మీద ఎవరూ జారరు గనుక ఆ బిగువంతా ఇరుసు లోపలికి పోతుంది. స్టీరింగు రాయిలా బరువెక్కుతుంది. బండి మలుపును ఒప్పుకోక తిన్నగా పోతానంటుంది.

రెండో సంగతి కీళ్లు. వెనుక ఇరుసులోని కడ్డీలు తిన్నగా ఉంటాయి. ముందు చక్రం పక్కకు తిరగాలి గనుక ముందు కడ్డీకి చక్రం దగ్గర ఒక కీలు ఉంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు ఆ కీలు బాగా వంగి ఉంటుంది. గడియ లేనప్పుడు జారే చక్రమే ఆ కడ్డీని రక్షిస్తుంది, బలం హద్దు దాటనివ్వదు. గడియ వేస్తే ఒక చక్రం గాలిలో లేచినప్పుడు ముందు ఇరుసుకు వచ్చిన బలమంతా రెండో వైపు కీలు మీదే పడుతుంది. వంగిన కీలు మీద అంత బరువు పడితే విరగక ఏమవుతుంది?

మూడోది అందరూ మరిచేది. గిర్రున తిరిగే చక్రానికి ముందుకు లాగే పట్టే కాదు, పక్కకు జారకుండా నిలిచే పట్టు కూడా పోతుంది. గడియ లేనప్పుడు ఒక చక్రం తిరుగుతున్నా రెండోది నిలిచి ఉండి బండి ముందు భాగాన్ని పట్టి ఉంచుతుంది. గడియ వేస్తే రెండూ కలిసి తిరుగుతాయి, రెండూ కలిసి పట్టు వదులుతాయి. మా డొంకలు మధ్యలో ఉబ్బి, రెండు పక్కలా వాలి ఉంటాయి. తడిసిన రేగడి డొంక మీద ముందు చక్రాలు రెండూ ఒకేసారి పట్టు వదిలితే బండి ముట్టె నేరుగా కాలువలోకి జారుతుంది.

ఇప్పుడు పెడలు లేవడం సంగతి. నా దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక పిల్లవాడు, చదువు మాని, ట్రాక్టరు తోలేవాడు. దస్తూరి ముత్యాల్లా ఉండేది. ఒక సార్వాలో కాలువ గట్టు పక్క మడిలో దమ్ము చేస్తూ దిగబడ్డాడు. మడమతో గడియ తొక్కాడు, బయటపడ్డాడు. కాని పెడలు కింద రేగడి కూరుకుపోయి అది పైకి లేవలేదు. వాడు చూసుకోలేదు. మడి చివర ఎప్పటిలాగే స్టీరింగు తిప్పి, లోపలి చక్రం బ్రేకు ఒక్కటీ తొక్కాడు. ట్రాక్టరుకు కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి వేరు బ్రేకులుంటాయి గదా. డిఫరెన్షియల్ పని చేస్తుంటే ఆ బ్రేకుతో బండి నిలిచినచోటే తిరుగుతుంది. గడియ పడి ఉన్నందువల్ల తిరగలేదు. ముందు చక్రాలు అడ్డంగా తిరిగి ఉన్నా, వెనుక నుంచి తోసుకువచ్చే బలానికి అలాగే జారుతూ గట్టెక్కి, బండి కాలువలోకి ఒరిగింది. ప్రాణం దక్కింది. కుడికాలు మాత్రం మళ్లీ తిన్నగా రాలేదు. ఆసుపత్రిలో నన్ను చూసి, "నేను తిప్పాను మాష్టారూ, అదే తిరగలేదు" అన్నాడు. అది తప్ప ఆ రోజు మరొక మాట అనలేదు. గడియ గురించి నేను అడిగి తెలుసుకున్నదంతా ఆ మాటతో మొదలైంది.

అది వెనుక గడియ. ముందు చక్రాలు స్వేచ్ఛగా ఉండి కూడా దానిని తిప్పలేకపోయాయి. దిశ చూపవలసిన ఆ ముందు చక్రాలనే కట్టివేసుకోవాలని మా మేనల్లుడు సరదా పడుతున్నాడు.

ఎదుటి పక్షాన్నీ చెప్పాలి, లేకపోతే అది వాదం కాదు. రాళ్ల గుట్ట ఎక్కేటప్పుడు ఒక మూల ముందు చక్రం, ఎదురు మూల వెనుక చక్రం గాలిలో లేస్తాయి. వెనుక గడియ మాత్రమే ఉంటే ముందు ఇరుసు ఊరికే తిరుగుతుంది. నిట్టనిలువు ఎత్తులో బరువంతా వెనక్కు వాలినప్పుడు ముందు చక్రాలలో పట్టు దొరికినదానికి బలం అందితేనే బండి కదులుతుంది. అలాంటి చోట నెమ్మదిగా, స్టీరింగు తిన్నగా ఉంచి, నాలుగు గజాలు పోవడానికి ముందు గడియకు సాటి లేదు. అది తెలిసినవాడు ముందుగా వెనుక గడియ వేస్తాడు, చాలకపోతేనే ముందుది వేస్తాడు, తీసేటప్పుడు ముందుదే మొదట తీస్తాడు. చక్రం గిర్రున తిరుగుతుండగా వేయడు, బండి ఆపి వేస్తాడు.

కాని మా నేల రాతిగుట్ట కాదు, రేగడి. రేగడి తడిస్తే టైరు గాళ్లన్నీ నిండి టైరు నున్నని బంతి అవుతుంది. అప్పుడు నాలుగు చక్రాలకూ పట్టు ఉండదు. గడియ ఉన్న పట్టును పంచగలదు గాని లేని పట్టును పుట్టించలేదు. అక్కడ కావలసినవి లోతైన గాళ్లుండి మట్టిని విసిరేసే టైర్లు, ఒక మంచి మోకు, దానిని కట్టడానికి బండికి గట్టి కొక్కెం, తోడుగా మరొక బండి. వీటికన్నా ముందు, దిగి నాలుగడుగులు నడిచి బురద లోతు చూసే ఓపిక. మా పెద్దలు వాగు దాటించేముందు బండి దిగి కర్రతో లోతు చూసేవారు. ఆ కర్రకు ఖర్చు లేదు.

మరి రెండు మాటలు. బండిని తయారుచేసిన కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే గట్టిగా చెప్పింది. కాబట్టి ఇరుసు విప్పకముందే రవాణా శాఖ వారినీ, బీమా వారినీ అడగడం మంచిది. విరిగిన తరువాత అడిగితే సమాధానం మనకు నచ్చదు. ఇక మాచర్ల దాటితే నల్లమల. అందులో చాలా భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అది ఆదివారపు ఆటస్థలం కాదు. అనుమతి లేకుండా బండి దింపడానికి ఎన్ని గడియలున్నా అర్హత రాదు.

ఇదంతా మేనల్లునికి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "అయితే మామయ్యా, వైకల్పికమే పెట్టిస్తా, నిత్యం వద్దు" అన్నాడు. వ్యాకరణం చెప్పడంలో ఉన్న ప్రమాదమే అది! చివరికి ఒక బేరానికి వచ్చాం. ఈ వానాకాలం టైర్లు మార్చి, మోకూ కొక్కెమూ కొని, ఉన్న వెనుక గడియతోనే నడుపుతాడు. దిగబడిన ప్రతిసారీ, ముందు గడియ ఉంటే బయటపడేవాడా కాదా అని తేదీ వేసి పుస్తకంలో రాస్తాడు. సంక్రాంతికి ఆ పుస్తకం నాకు చూపిస్తాడు. లెక్క వాడివైపు తేలితే నేను అడ్డు చెప్పను. మొదటి పుటలో ఇప్పటికి రెండు పద్దులున్నాయి. రెంటికీ ఎదురుగా వాడి చేతిరాతలోనే 'మోకు' అని ఉంది.

ఆ కాలువగట్టు పిల్లవాడు ఇప్పుడు నరసరావుపేట దారిలో ట్రాక్టర్ల మరమ్మతు కొట్టు నడుపుతున్నాడు. తన దగ్గరకు వచ్చిన ప్రతి ట్రాక్టరుకూ, దేనికి వచ్చినా సరే, ముందు ఆ చిన్న పెడలు కింద మట్టి గీకి, తొక్కి వదిలి, లేస్తున్నదో లేదో చూస్తాడు. దానికి డబ్బు తీసుకోడు.

మీ మీ ఊళ్లలో ట్రాక్టరు తోలేవారు ఈ గడియను ఏ పేరుతో పిలుస్తారో తెలిసినవారు రాయండి. నా మాటకన్నా వారి మాటే మంచిదై ఉంటుంది.

స్వస్తి.